పనికి అర్హులెవరు? ఉపాధి పథకాల నియమాలు, ఖిదిర్‌పూర్ రేవు అనుభవం

ఖిదిర్‌పూర్ రేవు కూలీల స్మారకోపన్యాస పాఠం

1. అర్హత నియమం చేసే పని

ప్రభుత్వ సొమ్ముతో పేదలకు పని కల్పించే ఏ పథకంలోనైనా మొదట తేలవలసిన ప్రశ్న, ఆ పని అడిగే హక్కు ఎవరిదనేది. ఎన్ని రోజుల పని, ఎంత కూలి, ఎన్ని కోట్ల కేటాయింపు అన్నవి ఆ తరవాతి ప్రశ్నలు. చట్టం పీఠికలో ఎంత గొప్ప ఆశయం రాసినా, ఆ పథకం నిజంగా ఎవరికి అందాలో తేల్చేది అర్హత నియమమే. అది సాధారణంగా రెండు మూడు వాక్యాల్లో ముగుస్తుంది. లక్షల కుటుంబాల రోజు కూలి ఆ రెండు మూడు వాక్యాల మీద ఆధారపడి ఉంటుంది.

ఈ నియమాలు ఎన్ని రూపాల్లో కనిపించినా అవి అడిగే ప్రశ్నలు ఆరు. మనిషి ఎవరు: వయసు, పౌరసత్వం, కుటుంబంలో స్థానం. ఎక్కడివాడు: ఊరు, వార్డు, ఎన్నాళ్లుగా ఉంటున్నాడు. ఎంత పేద: ఆదాయం, రేషన్ కార్డు, దారిద్ర్యరేఖ జాబితా. ఇంతకుముందు ఏం చేశాడు: ఎన్ని రోజులు, ఎవరి దగ్గర. ఇప్పుడు ఏ పనికి సిద్ధం: బరువు పనికా, నైపుణ్యం కావలసిన పనికా. పనిలో పెట్టుకునేది ఎవరు: నమోదైన సంస్థా, ముఠా మేస్త్రీయా.

నియమం రెండు విధాలుగా తప్పవచ్చు. అవసరం లేనివాడు లోపలికి రావచ్చు, అవసరమున్నవాడు బయట ఉండిపోవచ్చు. మొదటి తప్పు ఆడిట్‌లో దొరుకుతుంది, పత్రికలకు ఎక్కుతుంది. రెండోది ఏ లెక్కలోనూ కనిపించదు, బయట ఉండిపోయినవాడి పేరు ఏ మస్టరులోనూ ఉండదు గనక. అందుకే నియమాలు రాసేవాళ్లు మొదటిదానికి భయపడినంతగా రెండోదానికి భయపడరు.

ఈ విషయాన్ని చదవడానికి కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ తగిన చోటు. ఇక్కడి రేవు ఏ రోజుకారోజు కూలికి పిలిచే పద్ధతి మీద పెరిగింది. ఆ కూలీల్లో బిహారీలు, ఒడియాలు, ఉత్తరప్రదేశ్ వాళ్లతోపాటు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువాళ్లూ ఉన్నారు. కరువు పనుల నుంచి నేటి వేతన రాయితీల దాకా వచ్చిన ప్రతి రకం నియమాన్నీ వాళ్ల బతుకు దగ్గర పెట్టి చూడవచ్చు. అలా చూసినప్పుడు తేలే నిర్ణయం ఒకటే. వచ్చినవాణ్ని పనితోనే పరీక్షించే నియమం పేదను చేర్చుకుంటుంది. కాగితంతో పరీక్షించే నియమం మొదట పేదనే వదిలేస్తుంది.

2. కరువు పనులు నేర్పినది

1876–78 కరువును తెలుగు జిల్లాలు ధాత కరువుగా గుర్తుపెట్టుకున్నాయి. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. మద్రాసు ప్రభుత్వం రోడ్లు, చెరువులు, కాలువల పనులు తెరిచింది. మద్రాసు నగరం గుండా బకింగ్‌హాం కాలువ ఉత్తర దక్షిణ భాగాలను కలిపిన తవ్వకం ఆ కరువు పనుల్లోనే జరిగింది.

1877 జనవరిలో వైస్రాయి ప్రతినిధిగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఈ పనుల ఖర్చు తగ్గించడానికి కఠినమైన నియమాలు తెచ్చాడు. పనికి వచ్చేవాడు ఇల్లు విడిచి దూరంలోని శిబిరానికి పోవాలి. అక్కడ బరువు పని చెయ్యాలి. కూలి రోజుకు ఒక పౌను గింజలు, దానిపైన అతి స్వల్పంగా డబ్బు. ప్రెసిడెన్సీ ఆరోగ్య శాఖాధికారి డాక్టర్ కార్నిష్ ఆ తిండితో బరువు పని చేసే శరీరం నిలవదని వాదించాడు. చివరికి 1877లో గింజల కొలత పెంచారు. ఈలోగా శిబిరాల్లో చిక్కిపోయినవాళ్లు ఎందరో ప్రాణాలు వదిలారు.

ఆ విషాదం తరవాత ఏర్పడిన కరువు కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాని మీద ఆధారపడి 1883లో కరువు నియమావళి రూపొందింది. ఇందులోని మూల సూత్రం ఇప్పటికీ ఉపాధి పథకాల్లో బతికే ఉంది. పేదరికానికి రుజువు అడగనక్కరలేదు. తక్కువ కూలికి మట్టి పని చెయ్యడానికి ముందుకు వచ్చినవాడికి అవసరం ఉన్నట్టే లెక్క. పని చెయ్యలేని వృద్ధులకు, రోగులకు, చంటిబిడ్డల తల్లులకు గ్రామంలోనే ఉచిత సాయం చెయ్యాలన్నది ఆ సూత్రానికి జోడింపు.

స్వయంగా ముందుకు రావడమే అర్హత అనే ఈ పద్ధతికి ఒక గొప్ప సుగుణముంది. గ్రామాధికారి సర్టిఫికెట్టు లేకపోయినా, కులపెద్ద సిఫారసు లేకపోయినా ఆకలిగొన్నవాడు పని దగ్గరకు చేరగలడు. అయితే పరీక్షను ఎంత కఠినం చెయ్యాలన్నది ప్రభుత్వం చేతిలో ఉంటుంది. కూలిని తగ్గించి, దూరాన్ని పెంచితే అదే నియమం మనుషులను తరిమే సాధనమవుతుంది. టెంపుల్ చేసినది అదే.

1943 నాటి బెంగాల్ క్షామంలో ఈ నియమావళిని అమలులో పెట్టనే లేదు. ప్రభుత్వం క్షామాన్ని అధికారికంగా ప్రకటించలేదు. మరోవైపు 1942 ఆగస్టులో బెంగాల్ చాంబర్ ఆఫ్ కామర్స్ తన సభ్య సంస్థల కార్మికులకు చవక ధరకు తిండిగింజలు అందించే పథకం మొదలుపెట్టింది. యుద్ధావసరాల కోసం కలకత్తా పరిశ్రమలు ఆగకుండా నడవాలన్నది దాని ఉద్దేశం. ఫ్యాక్టరీ రిజిస్టరులో పేరున్నవాడికి బియ్యం దొరికింది. గ్రామాల నుంచి నడిచివచ్చి నగరం పేవ్‌మెంట్ల మీద పడిపోయిన కూలీకి ఆ జాబితాలో చోటు లేదు.

3. ఖిదిర్‌పూర్ రేవు, దాని కూలీలు

ఖిదిర్‌పూర్ డాకు 1892లో ఓడలకు తెరుచుకుంది. దానికి పడమట, 1920ల చివర, కింగ్ జార్జ్ డాకు వచ్చింది. ఈనాటి నేతాజీ సుభాస్ డాకు అదే. జనపనార, తేయాకు, బొగ్గు బయటికి, ఉప్పు, యంత్రాలు లోపలికి, ఇలా బెంగాల్ వ్యాపారమంతా ఇక్కడి కూలీల వీపుల మీదుగా నడిచింది. పక్కనే గార్డెన్‌రీచ్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే ప్రధాన కార్యాలయం ఉండేది. తూర్పు తీర రైలు మార్గం పూర్తయ్యాక ఉత్తరాంధ్ర నుంచి కలకత్తాకు రావడం సులువైంది. వచ్చినవాళ్లు హుగ్లీ ఒడ్డునున్న జూట్ మిల్లుల్లో, రైల్వేలో, రేవులో పనికి కుదిరారు.

రేవు పనికి ఒక స్వభావముంది. ఓడ వస్తే వందల మంది కావాలి, రాకపోతే ఒక్కడూ అక్కరలేదు. సరుకు దింపే స్టీవడోర్ కంపెనీలకు ఏ రోజుకారోజు మనుషులను సర్దార్లు సమకూర్చేవాళ్లు. సర్దారు పిలిచినవాడికే పని. పిలవడానికి దస్తూరీ ఇవ్వాలి, కూలిలో వాటా వదులుకోవాలి, అప్పు కూడా అతని దగ్గరే తెచ్చుకోవాలి. ఆనాటి అర్హత నియమం సర్దారు ఇష్టమే. తన ఊరివాడు, తన కులంవాడు, తనకు బాకీ ఉన్నవాడు ముందు.

సముద్రానికి ఆవల రంగూన్ రేవులో కూడా ఇదే పద్ధతి. అక్కడ సరుకు మోసినవాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. 1930 మే నెలలో వాళ్లు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు వాళ్ల చోట బర్మా కూలీలను పెట్టుకున్నాయి. సమ్మె తీరి తెలుగువాళ్లు తిరిగి రాగానే బర్మావాళ్లను పంపేశాయి. దాంతో రేగిన అల్లర్లలో వందకు పైగా ప్రాణాలు పోయాయి. రేవులో ఎవరికి పని దక్కాలో చెప్పే నిలకడైన నియమం లేనందువల్ల రెండు వర్గాల పేదలు ఒకరినొకరు చంపుకున్నారు.

1943 డిసెంబరు 5న జపాన్ విమానాలు ఖిదిర్‌పూర్ డాకుల మీద బాంబులు వేశాయి. పట్టపగలు, పని జోరుగా సాగుతున్న వేళ. చనిపోయినవాళ్లలో రేవు కూలీలే ఎక్కువ. ఏ రోజుకారోజు కూలికి వచ్చినవాళ్ల పేర్లు ఏ కంపెనీ పుస్తకంలోనూ స్థిరంగా ఉండవు గనక, ఎవరు పోయారో పూర్తిగా లెక్క తేలలేదు. పని హక్కుకు రిజిస్టరు ఎందుకు అవసరమో ఇంతకంటే బలంగా చెప్పే రుజువు అక్కరలేదు. ఈ ఉపన్యాసం ఆ పేర్లు లేనివాళ్లను తలచుకుంటూ సాగుతోంది.

4. రిజిస్టరు ఇచ్చినది, వదిలేసినది

రేవు కూలీల జాబితా తయారుచేసి, ఆ జాబితాలోని వాళ్లకు పని పంచాలని 1931లో రాయల్ లేబర్ కమిషన్ చెప్పింది. స్వాతంత్ర్యం తరవాత 1948లో డాక్ వర్కర్స్ ఉపాధి క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. బొంబాయి, కలకత్తా, మద్రాసులలో 1950ల మొదట్లో డాక్ లేబర్ బోర్డులు ఏర్పడ్డాయి. ప్రభుత్వం, యజమానులు, కార్మికులు, ముగ్గురికీ వాటిలో ప్రాతినిధ్యముంది.

నమోదైన కార్మికుల్లో ఒక భాగం యజమానుల దగ్గర నెల జీతం మీద ఉండేది. మిగతావాళ్లు బోర్డు పూల్‌లో ఉండేవాళ్లు. పూల్‌లోని కార్మికుణ్ని బోర్డే వరస ప్రకారం ఓడకు పంపుతుంది, సర్దారు పిలుపుతో పని లేదు. హాజరైనా పని దొరకని రోజుకు హాజరు భత్యం ఇస్తుంది. నెలకు కనీసం ఇన్ని రోజుల కూలి అని హామీ కూడా ఉంది. ఖర్చు కోసం ఓడల సరుకు ఎత్తి దించే యజమానుల మీద బోర్డు లెవీ వేసింది. పన్నుల సొమ్ము కాకపోయినా, పని లేని రోజు భారాన్ని కూలీ ఒక్కడి మీద వదిలేయకుండా మొత్తం రేవు మోసే ఏర్పాటు అది. ఆ అర్థంలో అది ఈ దేశపు తొలి నగర ఉపాధి హామీ.

అర్హత రెండు దశల్లో తేలింది. పథకం వచ్చిననాటికే రేవులో పనిచేస్తున్నవాళ్లను మొదట చేర్చుకున్నారు. ఆ తరవాత కొత్తగా చేరేవాళ్లకు స్థానిక పరిస్థితులు, దేహదారుఢ్యం, సామర్థ్యం, అనుభవం చూసి బోర్డు షరతులు పెట్టవచ్చు. హక్కుతోపాటు బాధ్యత కూడా ఉంది. పిలిచిన రోజున రాకపోయినా, ఇచ్చిన పని కాదన్నా భత్యం పోతుంది.

ఈ నియమం చేసిన మేలు చాలా పెద్దది. ఊరు, కులం, దస్తూరీ పక్కకు పోయాయి. వరస వచ్చింది. టెక్కలి నుంచో, బొబ్బిలి నుంచో వచ్చినవాడు పెళ్లాం పిల్లలను తెచ్చుకుని ఖిదిర్‌పూర్‌లో కాపురం పెట్టగలిగాడు. పిల్లలను బడికి పంపగలిగాడు.

అయితే జాబితాకు పరిమితి ఉంది. రేవుకు ఎంతమంది అవసరమో అంతమందినే నమోదు చెయ్యాలి, లేకపోతే హామీ ఇచ్చిన రోజుల కూలి బోర్డు ఇవ్వలేదు. అందుచేత ఆలస్యంగా వచ్చినవాళ్లు, ఓడల తుప్పు గీకి రంగు వేసేవాళ్లు, గోదాముల్లో మూటలు మోసేవాళ్లు మొదట బయటే ఉన్నారు. వాళ్లలో కొందరి కోసం తరవాత వేరే పథకాలు తేవలసి వచ్చింది. నమోదైనవాడికి వచ్చిన భద్రత, నమోదు కానివాడి పోటీని మరింత పెంచింది.

కంటైనర్లు వచ్చాక మనుషుల అవసరమే తగ్గింది. 1977లో హల్దియా డాకు తెరుచుకుని పెద్ద ఓడలు అటు మళ్లాయి. 1997లో వచ్చిన చట్టం పెద్ద రేవుల్లో డాక్ లేబర్ బోర్డులను పోర్టు ట్రస్టులలో కలపడానికి దారి తెరిచింది. రేవు బయట మిగిలిన పని కాంట్రాక్టర్ల చేతికి, మళ్లీ ఏ రోజుకారోజు పిలుపుకు చేరింది.

5. ఐదు లక్షల గీత

రేవులో పని తగ్గిన కాలంలోనే కేంద్ర ప్రభుత్వం పట్టణ పేదలకు కూలి పని పథకాలు తెచ్చింది. 1989లో వచ్చిన నెహ్రూ రోజ్‌గార్ యోజనలో కూలి పని భాగం లక్షలోపు జనాభా ఉన్న పట్టణాలకు. ఇళ్ల మరమ్మతుల ద్వారా పని కల్పించే భాగం లక్ష నుంచి 20 లక్షల లోపు నగరాలకు. 1997 డిసెంబరు 1న దాని స్థానంలోకి వచ్చిన స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజనలో కూలి పని భాగం ఐదు లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకే వర్తించింది. 1991 జనాభా లెక్కల ప్రకారం కలకత్తా జనాభా దాదాపు 44 లక్షలు.

అంటే ఖిదిర్‌పూర్ కూలీ ఎంత పేదవాడైనా, దారిద్ర్యరేఖ జాబితాలో అతని పేరున్నా, కూలి పని అడిగే హక్కు అతనికి లేదు. అతని ఆదాయం, ఒంటి సత్తువ, కుటుంబ పరిస్థితి దేనితోనూ నిమిత్తం లేకుండా, అతనున్న నగరం పెద్దదైనందువల్ల అనర్హుడయ్యాడు. పెద్ద నగరంలో పని ఎలాగూ దొరుకుతుందన్న ఊహ ఈ గీత వెనక ఉంది. పని ఉండడానికీ, పనివాడికి అది దక్కడానికీ మధ్య దూరాన్ని ఆ ఊహ లెక్కలోకి తీసుకోలేదు.

2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ వచ్చినప్పుడు కూలి పని భాగం పూర్తిగా పోయింది. శిక్షణ, స్వయం ఉపాధి రుణాలు, పొదుపు సంఘాలు మిగిలాయి. బెంగాల్‌లో రాష్ట్ర ప్రభుత్వ పట్టణ ఉపాధి పథకం కింద కోల్‌కతా నగరపాలక సంస్థ వార్డుల్లో ఊడ్పు, దోమల నివారణ వంటి పనులకు మనుషులను తీసుకుంటారు. వాడుకలో దాన్ని వంద రోజుల పని అంటారు. కానీ దానికి చట్టబద్ధమైన హామీ లేదు. అడిగితే పని ఇచ్చి తీరాలనీ, ఇవ్వకపోతే భత్యం చెల్లించాలనీ ఏ చట్టమూ ఇక్కడి నగర కూలీకి చెప్పలేదు.

6. రెండు ఊళ్ల మనిషి

గ్రామాల్లో ఆ హక్కు వచ్చింది. 2005లో పార్లమెంటు ఆమోదించిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అర్హత ఒక్క వాక్యంలో ఉంది: గ్రామీణ కుటుంబంలో నైపుణ్యం అక్కరలేని కాయకష్టానికి సిద్ధపడిన వయోజనులెవరైనా అర్హులే. ఆదాయ పరిమితి లేదు, దారిద్ర్యరేఖ కార్డు అక్కరలేదు, కులం అడగరు. దరఖాస్తు చేసిన 15 రోజుల్లో పని చూపించాలి. చూపించకపోతే మొదటి 30 రోజులకు కూలిలో నాలుగో వంతు, తరవాత సగం నిరుద్యోగ భత్యం. పని ఐదు కిలోమీటర్లకు మించి దూరమైతే కూలికి పది శాతం అదనం. పనిచేసేవాళ్లలో కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి.

1877తో పోల్చి చూస్తే మార్పు అర్థమవుతుంది. స్వయంగా ముందుకు రావడమే అర్హత అన్న సూత్రం అదే. దూరం అప్పట్లో కూలీని వడపోసే పరీక్ష, ఇప్పుడు ప్రభుత్వం పరిహారం చెల్లించవలసిన లోపం. పని దొరకకపోతే అప్పట్లో కూలీ దురదృష్టం, ఇప్పుడు ప్రభుత్వ బాకీ. కరువు పని అనే పాత పేరుతోనే పల్లెల్లో చాలామంది దీన్ని ఇప్పటికీ పిలుస్తారు, కానీ చట్టంలో అది దానం నుంచి హక్కుగా మారింది.

ఈ హక్కు గ్రామ పంచాయతీ హద్దు దగ్గర ఆగిపోతుంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ బస్తీలో ఏడాదిలో తొమ్మిది నెలలు ఉండే కూలీని తీసుకుంటే, అతని కుటుంబానికి ఊళ్లో జాబ్ కార్డు ఉంది. వలసపోయి తిరిగి వచ్చేవాళ్లు కూడా స్థానికులేనని పథకం మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. అది మంచి నియమం. కానీ అతను పని అడగగలిగేది ఊళ్లో ఉన్నప్పుడే. నగరంలో పని దొరకని వారాల్లో ఆ కార్డు అతనికి అక్కరకు రాదు. రేషన్ కార్డు విషయంలో ఒకే దేశం ఒకే కార్డు ఏర్పాటు వచ్చి, బియ్యం హక్కు మనిషి వెంట నడిచింది. పని హక్కు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

హక్కు ఉన్నచోట కూడా నియమాలు అమలులో కొత్త షరతులు చేర్చాయి. పనిచోట ఫోన్ యాప్‌లో హాజరు, 2024 జనవరి 1 నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి, ఇలాంటివి అర్హత వాక్యంలో లేవు. కానీ బ్యాంకు ఖాతాకు ఆధార్ సరిగ్గా కలవని కూలీకి అవే అసలు అర్హతలవుతాయి.

బెంగాల్‌లో మరొకటి జరిగింది. అక్రమాల పేరుతో, చట్టంలోని 27వ సెక్షన్ కింద, కేంద్రం 2022 మార్చి 9 నుంచి రాష్ట్రానికి నిధులు ఆపింది. తప్పు చేసినవాడూ చెయ్యనివాడూ అనే తేడా లేకుండా రాష్ట్రంలోని గ్రామీణ కూలీలందరూ పని కోల్పోయారు. రాష్ట్ర ప్రభుత్వం 2024లో జాబ్ కార్డు ఉన్న కుటుంబాలకు 50 రోజుల పని ఇచ్చే కర్మశ్రీ పథకం తెచ్చింది. అక్రమాల మీద విచారణ సాగవచ్చు గానీ పథకాన్ని నిరవధికంగా ఆపకూడదని 2025 జూన్ 18న కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పి, ఆగస్టు 1 నుంచి పనులు తిరిగి మొదలుపెట్టమంది. కేంద్రం వేసిన అప్పీలును అక్టోబరు 27న సుప్రీంకోర్టు కొట్టేసింది. దొంగ మస్టర్లు రాసినవాణ్ని శిక్షించడానికి నిజంగా మట్టి తవ్వినవాడి కూలి ఆపడం న్యాయం కాదన్నది ఈ ఉదంతం నేర్పే పాఠం.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో మరో చట్టాన్ని ఆమోదించింది. హామీ 125 రోజులకు పెరిగింది. సాగు పనులు ముమ్మరంగా ఉండే కాలంలో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపవచ్చు. గ్రామీణ కుటుంబం అనే హద్దు మాత్రం కదలలేదు.

7. యజమాని ద్వారా వచ్చే రాయితీ

మరో రకం పథకాల్లో ప్రభుత్వం పని కల్పించదు, పనిలో పెట్టుకున్న యజమానికి సొమ్ము ఇస్తుంది. 2016లో వచ్చిన ప్రధానమంత్రి రోజ్‌గార్ ప్రోత్సాహన్ యోజన, 2020లో వచ్చిన ఆత్మనిర్భర్ భారత్ రోజ్‌గార్ యోజన రెండూ నెలకు 15,000 రూపాయల లోపు జీతగాళ్ల భవిష్యనిధి చందా భారాన్ని తీసుకున్నాయి. 2025 ఆగస్టు 1న మొదలైన ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన 2027 జులై 31 దాకా చేరేవాళ్లకు వర్తిస్తుంది. దీని కేటాయింపు 99,446 కోట్ల రూపాయలు.

ఇందులో మొదటిసారి భవిష్యనిధిలో చేరిన ఉద్యోగికి ఒక నెల జీతం, గరిష్ఠంగా 15,000 రూపాయలు, రెండు విడతల్లో వస్తుంది. మొదటిది ఆరు నెలలు పనిచేశాక, రెండోది ఏడాది నిండి ఆర్థిక అక్షరాస్యత శిక్షణ పూర్తయ్యాక. కొత్తగా తీసుకున్న ప్రతి ఉద్యోగికీ యజమానికి నెలకు 3,000 రూపాయల దాకా రెండేళ్లు, తయారీ రంగమైతే నాలుగేళ్లు అందుతుంది. అందుకు 50 మంది లోపు ఉన్న సంస్థ కనీసం ఇద్దరిని, అంతకు పైబడిన సంస్థ ఐదుగురిని అదనంగా తీసుకుని ఆరు నెలలు నిలపాలి.

ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చిన యువకుడికి ఇది ఉపయోగమే. ఖిదిర్‌పూర్ కూలీకి వచ్చేసరికి నియమాలన్నీ ఎదురు తిరుగుతాయి. భవిష్యనిధి చట్టం సాధారణంగా 20 మంది, ఆపైన పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. అక్కడి ఫ్యాన్సీ మార్కెట్ దుకాణాల్లోనో, చిన్న గోదాముల్లోనో పనిచేసేవాళ్లు ఆ లెక్కలోకి రారు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పని మారేవాడికి ఒకేచోట ఆరు నెలలు నిండవు. ఎప్పుడో ఒక నెల భవిష్యనిధి కోసుకున్న పాత కాంట్రాక్టరు వల్ల అతను మొదటిసారి చేరినవాడూ కాడు. ఈ పద్ధతిలో అర్హత కూలీకి ఉండదు, యజమానికి ఉంటుంది.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో వచ్చిన నియమంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. నిర్మాణ వ్యయం మీద వేసిన సెస్సుతో సంక్షేమ నిధి ఏర్పడింది. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గడిచిన 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసినవాడు అర్హుడు. నియమం ఉదారంగానే ఉంది. ఆ 90 రోజులకు సాక్ష్యం కావలసి రావడంతో చిక్కు వస్తుంది. పొద్దున్నే అడ్డా మీద నిలబడి రోజుకొక మేస్త్రీ వెంట పోయే కూలీకి సర్టిఫికెట్టు రాసిచ్చేవాడు దొరకడు. అత్యంత అస్థిరమైన పని చేసేవాడికే నిలకడకు రుజువు చూపడం అత్యంత కష్టం.

8. ఇతర చోట్ల నియమాలు

కేరళ 2010లో అయ్యంకాళి పేరుతో పట్టణ ఉపాధి హామీ పథకం తెచ్చి, పట్టణ కుటుంబాలకు ఏటా 100 రోజుల పని ప్రకటించింది. రాజస్థాన్ 2022 సెప్టెంబరులో 18 నుంచి 60 ఏళ్ల మధ్య పట్టణవాసులకు 100 రోజుల పథకం మొదలుపెట్టి, మరుసటేడు 125కు పెంచింది. అక్కడ ఆదాయ ధ్రువీకరణ అడగలేదు, కానీ రాష్ట్ర కుటుంబ కార్డు అయిన జన్ ఆధార్ తప్పనిసరి. పెద్ద నగరమైతే పని హక్కు ఉండకూడదన్న పాత వాదాన్ని ఈ రెండు రాష్ట్రాలూ పక్కన పెట్టాయి.

అమెరికాలో 1935 నాటి వర్క్స్ ప్రోగ్రెస్ అడ్మినిస్ట్రేషన్ కుటుంబానికి ఒక్కరికే పని ఇచ్చింది. ఆ ఒక్కరు సాధారణంగా ఇంటి పెద్దగా ఎంచిన మగవాడు కావడంతో పని కావలసిన ఆడవాళ్లు ఎందరో బయట ఉండిపోయారు. అదే దేశంలో వృద్ధుల కోసం నడిచే కమ్యూనిటీ సర్వీస్ ఉపాధి కార్యక్రమం 55 ఏళ్లు దాటి, పని లేక, దారిద్ర్యరేఖకు 125 శాతం మించని ఆదాయం ఉన్నవాళ్లకు వారానికి సుమారు 20 గంటల పని ఇస్తుంది. 65 దాటినవాళ్లకు, వికలాంగులకు, ఇల్లు లేనివాళ్లకు ముందు వరస ఉంటుంది. మిగతావాళ్లను తోసేయకుండా అవసరం ఎక్కువున్నవాళ్లను ముందుకు తేవడం దీని మంచి పద్ధతి.

అర్జెంటీనా 2002 సంక్షోభంలో పిల్లలున్న, ఉద్యోగం లేని ఇంటి పెద్దలకు వారానికి 20 గంటల పని, నెలకు 150 పెసోలు ఇచ్చింది. ఇంటి పెద్ద ఎవరో కుటుంబమే చెప్పుకోనిచ్చింది. వచ్చినవాళ్లలో మూడింట రెండు వంతులకు పైగా ఆడవాళ్లే. 1935 నాటి అమెరికాలోనూ, అర్జెంటీనాలోనూ నియమం కుటుంబానికి ఒక్కరే. అమలు చేసేవాళ్లు ఎవరి మాటను నమ్మారన్నదాన్ని బట్టి ఫలితం తారుమారైంది.

9. మంచి నియమం లక్షణాలు

ఈ అనుభవాలన్నిటి నుంచి ఐదు సూత్రాలు తేలతాయి.

మొదటిది, కాయకష్టానికి సిద్ధపడడమే అర్హతగా ఉండాలి. అందుకు తగ్గట్టు కూలి మనిషి బతకడానికి చాలినంత ఉండాలి, పని దగ్గరలో ఉండాలి. పరీక్షను శిక్షగా మార్చకూడదు.

రెండోది, హక్కు నగరం పరిమాణాన్ని బట్టీ, పంచాయతీ హద్దును బట్టీ మారకూడదు. ఊళ్లో జాబ్ కార్డు ఉన్న కుటుంబం తనకు మిగిలిన రోజులను కోల్‌కతాలోనూ, విశాఖలోనూ, హైదరాబాదులోనూ వాడుకోగలగాలి. బియ్యానికి సాధ్యమైన ఏర్పాటు పనికి అసాధ్యం కాదు.

మూడోది, రుజువు భారం ప్రభుత్వానిదే కావాలి. కూలీ తన మాట చెబుతాడు. అది అబద్ధమని తేల్చవలసింది కార్యాలయం. తేలేదాకా పని ఆగకూడదు. 90 రోజుల వంటి షరతు ఉన్నచోట యజమాని సర్టిఫికెట్టుతోపాటు సంఘం మాట, తోటి కూలీల సాక్ష్యం కూడా చెల్లాలి.

నాలుగోది, పని రోజులు పరిమితమైనప్పుడు వడపోత కాకుండా వరస కావాలి. ఒంటరి ఆడవాళ్లు, వికలాంగులు, ఎక్కువ కాలంగా పని లేనివాళ్లు ముందు, తక్కినవాళ్లు తరవాత. డాక్ లేబర్ బోర్డు పూల్ నడిచింది వరస మీదే. జాబితా తలుపు మూసేయడం దాని లోపం, వరస పాటించడం దాని బలం.

ఐదోది, ఒకరి అక్రమానికి అందరి హక్కూ ఆపకూడదు. సామాజిక తనిఖీ జరగాలి, దొంగ లెక్కలు రాసినవాడి మీద కేసు పెట్టాలి, నిజంగా పనిచేసినవాడికి కూలి అందాలి.

తెలుగు సంఘాలకూ, కార్మిక సంఘాలకూ ఇందులో చెయ్యవలసిన పని ఉంది. 2020 డిసెంబరులో బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు రాష్ట్ర అధికార భాషల్లో చోటిచ్చింది. ఆ గుర్తింపు వల్ల నిజమైన మేలు జరగాలంటే, ఖిదిర్‌పూర్, గార్డెన్‌రీచ్, టీటాగఢ్, ఖడగ్‌పూర్ బస్తీల్లో ఉపాధి పథకాల నియమాలు తెలుగులో అందాలి. దరఖాస్తు తెలుగులో తీసుకోవాలి, తిరస్కరిస్తే కారణం తెలుగులో రాసివ్వాలి. చదువుకున్నవాళ్లు వారానికి ఒక పూటైనా కూర్చుని తోటివాళ్ల కార్డులు, ఖాతాలు, సర్టిఫికెట్లు సరిచూసిపెట్టాలి. 1948లో రేవు కూలీకి ఈ దేశం ఒక రిజిస్టరు ఇవ్వగలిగింది. ఈనాటి నగర కూలీకి కూడా, ఏ ఊరివాడైనా, ఏ కాంట్రాక్టరు దగ్గర పనిచేసినా, అడిగితే పని దొరికే హక్కును చట్టం చేసి ఇవ్వాలి. అది దొరికేదాకా అడుగుతూనే ఉండాలి.